కూత

తిరుగుతోంది. అదే విచిత్రం.
తిరగకపోతే పాడైందని ఒప్పుకునేదాన్ని.
గంటంబావు గిరగిరా తిరిగి,
అయిపోయిందని బుద్ధిగా గంట కూడా కొట్టింది.
తలుపు తీస్తే
నానిన అటుకుల ముద్దలా బట్టలు.

ఈరీలో జనవరి.
సరస్సు మీంచి మూడో రోజూ మంచు.
బయట ఆరేస్తే ప్యాంటు అట్టముక్కై నిలబడుతుంది.
మొన్న నిలబెట్టి చూశాం,
పిల్లాడు దానికి టోపీ కూడా పెట్టాడు.
తెల్లారి ఐదున్నరకి
ఇరవైమూడో నంబరు స్కూలు బస్సు నేనే తీయాలి.
నాకున్న వెచ్చటి సాక్సులన్నీ ఆ డబ్బాలో నీళ్ళోడుతున్నాయి.

మొదట అందరూ చేసేదే చేశాను.
ప్లగ్గు పీకి పెట్టాను.
పక్కన అరచేత్తో ఒక్కటిచ్చాను.
విఠల్ బేస్‌మెంటు మెట్ల మీద నిలబడి
"కొత్తది కొందాం" అన్నాడు.
బనీను చిరిగినా అదే స్వరంతో అంటాడు.

పక్కింటి డొలోరెస్ వచ్చింది, చంకలో మీటరుతో.
డెబ్భై రెండేళ్ళు.
రైలింజన్ల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్కేళ్ళు
తీగకి తీగ కలిపిన వేళ్ళు.
"మోటారుకి ఒక లైను చాలు, వేడికి రెండూ కావాలి.
ఒకటి పోతే ఇంతే. తిరుగుతుంది, ఒట్టి తిరుగుడు."
మా మేనమామ ఒకాయన గుర్తొచ్చాడు.
చెప్పలేదు.

బ్రేకర్ పెట్టె చూశాం. రెండు లైన్లూ ఉన్నాయి.
జల్లెడ తీశాం. వాయివాయికీ నేను దులిపేదే, శుభ్రం.
ప్లగ్గు పీకి, డబ్బాని గోడ నుంచి ఇవతలికి లాగితే
వెనక వెండిరంగు గొట్టం
మేకను మింగిన కొండచిలువలా.

మోచేతి దాకా చెయ్యి పెట్టి లాగాను.
వచ్చింది, వచ్చింది, వస్తూనే ఉంది
బూడిదరంగు పీచు, బారెడు.
మధ్యలో ఎర్ర పొర: పిల్లాడి స్వెట్టరు తొలి ఉతుకు.
దాని కింద నీలం: విఠల్ జీన్సు.
ఇంకా లోపల, గోడలోకి వెళ్ళే చోట,
గుప్పెడు పసుపు వెంట్రుకలు.

మాకు పిల్లి లేదు.

"బిస్కట్," అంది డొలోరెస్.
"మీకు ముందున్న హాఫ్‌మన్ వాళ్ళ పిల్లి.
పోయి ఆరేళ్ళు."
ఆ గుప్పెడు మాత్రం చెత్తసంచిలో వేయలేదు,
నేల మీద, పక్కగా పెట్టింది.

వెనక రేకు విప్పాం.
తొమ్మిది స్క్రూలు, జీలకర్ర డబ్బా మూతలో.
లోపల ఒక మూల, చింతగింజంత తెల్లటి ముక్క,
దానికి రెండు కాళ్ళు.
మీటరు ముళ్ళు ఒకదానికొకటి ఆనించి చూపింది:
కూ... అంది.
"దారి ఉంటే కూస్తుంది."
తర్వాత చింతగింజ రెండు కాళ్ళకీ ఆనించింది.
ఇద్దరం చెవులు వంచాం.

కూత లేదు.

"తెగింది. తెగడమే దాని ఉద్యోగం.
గొట్టం పూడుకుపోయి వేడి వెనక్కి తన్నితే
ఇల్లంటుకునే లోపు ఇది తెగాలి."
విఠల్ ఒక మెట్టు దిగాడు.

కొత్త చింతగింజ పద్నాలుగు డాలర్లు,
దుకాణం మూసే ముందు తనే వెళ్ళి తెచ్చింది.
తొమ్మిది స్క్రూలు విప్పి ఎనిమిదే బిగించాం.
తొమ్మిదోది ఇవాళ్టికీ దొరకలేదు.
బయటికెళ్ళి చూస్తే గోడకున్న రేకు మూత
చిన్నగా లేస్తూ పడుతూ,
దాని కింద మంచు గిన్నెలా కుంగుతోంది,
సబ్బు వాసన.

తెల్లారింది. ఇంకా చీకటే. కాళ్ళకి వెచ్చటి సాక్సులు.
రైలు పట్టాల ముందు బస్సు ఆపాలి, అది రూలు.
ఫ్యాను కట్టేసి, కిటికీ దించి,
తలుపు బార్లా తెరిచి వినాలి.
"ష్" అంటే ముప్పై నలుగురు పిల్లలూ ఆగారు,
వెనక సీట్లో ఒక దగ్గు తప్ప.
చలి మెట్లెక్కి లోపలికొచ్చింది.
కోటు జేబులో పాత చింతగింజ వేలికి తగిలింది.

విన్నాను.
కూత లేదు.

నిన్న ఆ మాటకి అర్థం వేరు.
తలుపు మూసి,
నెమ్మదిగా పట్టాలు దాటించాను.